వృద్ధాశ్రమాలు: మంచం ఉంది, భోజనం ఉంది.. మరి స్నానం చేయించే చెయ్యి ఉందా?

హైదరాబాద్, విజయవాడ, విశాఖ, గుంటూరు.. ఏ ఊరి శివార్లకు వెళ్లినా ఇప్పుడు ఓ ఓల్డేజ్ హోమ్ బోర్డు కనిపిస్తోంది. బ్రోచర్ తిరగేస్తే ఏసీ గది, ఇంటి భోజనం, ప్రాంగణంలో గుడి, వాకింగ్ ట్రాక్, సీసీ కెమెరాలు, డాక్టర్ చెకప్.. అన్నీ ఉంటాయి. ఒక్క విషయం మాత్రం చిన్న అక్షరాల్లో ఉంటుంది. కొన్నిచోట్ల అదీ ఉండదు.

పొద్దున్నే మంచం మీద నుంచి లేవలేని మనిషిని బాత్రూమ్‌కు ఎవరు తీసుకెళ్తారు? స్నానం ఎవరు చేయిస్తారు? చెయ్యి వణికే పెద్దాయనకు అన్నం ఎవరు తినిపిస్తారు? రాత్రి 2 గంటలకు పక్క తడిస్తే ఎవరొస్తారు? ఆ వచ్చే మనిషికి ఈ పని ఎవరైనా నేర్పించారా?

హోమ్ మంచిదా కాదా అనేది తేలేది ఇక్కడే. కానీ మన దగ్గర చర్చంతా గదుల చుట్టూ, ఫీజుల చుట్టూ, తల్లిదండ్రులను వదిలేసిన పిల్లల చుట్టూ తిరుగుతోంది. ఒంటి పనుల్లో సాయం గురించి మాట్లాడేవాళ్లు తక్కువ. దానికి లెక్కా లేదు, గట్టి ప్రమాణమూ లేదు.

అసలు ఏమిటీ ఆరు పనులు?

అమెరికా వైద్యుడు సిడ్నీ కాట్జ్ 1963లో ఓ కొలమానం తయారుచేశారు. మనిషి తన పనులు తాను చేసుకోగలుగుతున్నాడా లేదా అని చూడటానికి ఆరు పనులను తీసుకున్నారు. స్నానం, బట్టలు వేసుకోవడం, టాయిలెట్‌కు వెళ్లడం, మంచం మీంచి కుర్చీలోకి మారడం, మలమూత్రాలను ఆపుకోగలగడం, తినడం. ప్రపంచవ్యాప్తంగా ఇప్పటికీ వృద్ధుల సంరక్షణలో వాడుతున్న కొలమానాల్లో ఇదొకటి.

చూడటానికి చిన్న పనులే. 60 ఏళ్లపాటు ఎవరి సాయం లేకుండా చేసుకున్నవే. ఆరింటిలో ఒక్కటి చేతకాకపోయినా మనిషి జీవితం ఇంకొకరి టైమ్ మీద ఆధారపడిపోతుంది. ఆమె ఎప్పుడొస్తే అప్పుడే స్నానం. ఆయన ఎప్పుడు పిలుపు వింటే అప్పుడే టాయిలెట్.

దేశంలో వృద్ధుల ఆరోగ్యంపై 2017-18లో జరిగిన లాసీ సర్వే ప్రకారం, 60 ఏళ్లు దాటినవారిలో దాదాపు నలుగురిలో ఒకరికి ఇలాంటి రోజువారీ పనుల్లో కనీసం ఒక్కదానిలోనైనా ఇబ్బంది ఉంది. అలాగని వాళ్లందరూ మంచాన పడ్డారని కాదు. కొందరికి ఒక చెయ్యి ఆసరా చాలు, కొందరికి ఆరింటికీ మనిషి కావాలి.

ఎందుకిప్పుడు ఇంత ముఖ్యం?

2011 జనాభా లెక్కల నాటికి దేశంలో 60 ఏళ్లు దాటినవాళ్లు సుమారు 10.4 కోట్లు. ఐక్యరాజ్యసమితి జనాభా నిధి 2023లో విడుదల చేసిన ఇండియా ఏజింగ్ రిపోర్ట్ ప్రకారం 2022లో ఈ సంఖ్య 14.9 కోట్లు. 2050 నాటికి 34.7 కోట్లకు చేరుతుందని అంచనా. అంటే అప్పటికి ప్రతి ఐదుగురిలో ఒకరు సీనియర్ సిటిజనే.

తెలుగువాళ్లకు ఇది మరింత దగ్గరి విషయం. జాతీయ గణాంక కార్యాలయం 2021 నివేదిక దేశ జనాభాలో వృద్ధుల వాటాను 10.1 శాతంగా అంచనా వేస్తే, ఆంధ్రప్రదేశ్‌లో 12.4 శాతంగా చెప్పింది. దేశ సగటు కంటే ముందే మన దగ్గర ముసలితనం వస్తోంది. మరోవైపు ఇళ్లలో మనుషులు తగ్గారు. ఒకరో ఇద్దరో పిల్లలు, వాళ్లు బెంగళూరులోనో డాలస్‌లోనో ఉంటారు. ఇదివరకు ఇంట్లో మంచాన పడ్డ అత్తగారికో మామగారికో చేసే సేవ అంతా కోడళ్ల మీద, కూతుళ్ల మీద పడేది. జీతం ఉండేది కాదు, లెక్కలోకి వచ్చేది కాదు. ఇప్పుడు అదే పని హోమ్‌లోని ఆయా చేతికి మారింది. చేసే మనిషి మారింది కానీ ఆ పనికి విలువ మాత్రం ఇంకా పెరగలేదు.

ఉదయం 4 గంటలకే స్నానాలా? లెక్క ఇదీ..

ఓ ఉదాహరణ తీసుకుందాం. ఒక హోమ్‌లో 40 మంది ఉన్నారనుకుందాం. అందులో 15 మందికి పూర్తి సాయం కావాలి. ఒక్కొక్కరిని లేపి, టాయిలెట్‌కు తీసుకెళ్లి, పళ్లు తోమించి, స్నానం చేయించి, ఒళ్లు తుడిచి, బట్టలు వేసి, కుర్చీలో కూర్చోబెట్టడానికి హడావుడి పడకుండా చేస్తే 40 నిమిషాలు పడుతుందనుకుందాం. 15 మందికి 600 నిమిషాలు. అంటే 10 గంటల పని.

ఇద్దరు ఆయాలుంటే ఒక్కొక్కరికి 5 గంటలు. ఉదయం 6 గంటలకు మొదలుపెడితే ఆఖరి మనిషి వంతు పూర్తయ్యేసరికి 11 అవుతుంది. టిఫిన్ మాత్రం 8 గంటలకే. మరేం చేస్తారు?

దారులు నాలుగే. ఒకటి, తెల్లవారుజామున 4 గంటలకే లేపి స్నానాలు మొదలుపెట్టడం. రెండు, 40 నిమిషాల పనిని 15 నిమిషాల్లో కానిచ్చేయడం. మూడు, రోజు విడిచి రోజు స్నానం. నాలుగు, టాయిలెట్‌కు తీసుకెళ్లే పని లేకుండా అందరికీ డైపర్. ఇందులో ఏదీ ఆయా చెడ్డతనం వల్ల జరిగేది కాదు. ఇద్దరితో ఐదుగురి పని చేయిస్తే ఎవరైనా ఇదే చేస్తారు.

రాత్రి లెక్క ఇంకా కష్టం. ఒత్తిగిలలేని ఆరుగురు ఉన్నారనుకుంటే, రెండు గంటలకోసారి పక్కకు తిప్పాలి. 8 గంటల రాత్రిలో ఒక్కొక్కరికి నాలుగుసార్లు.. మొత్తం 24 సార్లు. బరువైన మనిషిని తిప్పాలంటే ఇద్దరు ఉండాలి. నైట్ డ్యూటీలో ఉండేది ఒక్కరే అయితే? ఆ 24లో ఎన్ని నిజంగా జరుగుతాయో ఊహించడం కష్టమేం కాదు.

అందుకే 'మా దగ్గర 40 మందికి 8 మంది స్టాఫ్' అని హోమ్ చెప్పినప్పుడు ఆ లెక్కను విప్పి చూడాలి. ఆ 8 మందిలో వంట మనిషి, వాచ్‌మన్, స్వీపర్, ఆఫీసు అమ్మాయి కూడా ఉండొచ్చు. పెద్దవాళ్ల ఒంటి మీద చెయ్యి వేసి సాయం చేసేవాళ్లు ఎందరు? అందులో ఒక షిఫ్టులో ఎందరు? అసలు లెక్క అది.

చిన్న పని అనుకుంటే పొరపాటే

'అన్నం పెట్టడానికి, స్నానం చేయించడానికి ట్రైనింగ్ ఎందుకు?' అని చాలామంది అడుగుతారు. ఒక్కో పనినీ దగ్గరగా చూస్తే జవాబు తెలుస్తుంది.

స్నానం: వయసుతో చర్మం పల్చబడుతుంది. చిన్నవాళ్లు తట్టుకోగలిగే వేడి నీళ్లకు పెద్దవాళ్ల చర్మం కాలొచ్చు. షుగర్ ఉన్నవాళ్లకు కాళ్లలో స్పర్శ తగ్గుతుంది, కాలినా తెలియదు. అందుకే ముందు మోచేతితో నీళ్లు చూడాలి. మొహంతో మొదలుపెట్టి, మర్మాంగాలు చివర్లో, ముందు నుంచి వెనక్కి శుభ్రం చేయాలి. ముఖ్యంగా మహిళలకు. వెనక నుంచి ముందుకు తుడిస్తే మూత్రంలో ఇన్ఫెక్షన్ వచ్చే ప్రమాదం పెరుగుతుంది. వేళ్ల సందులు, రొమ్ముల కింద, తొడల మడతలు పొడిగా తుడవకపోతే ఒరిసిపోయి పుళ్లు పడతాయి.

తినిపించడం: పడుకోబెట్టి తినిపిస్తే పొలమారుతుంది. పక్షవాతం వచ్చినవాళ్లకు, మతిమరుపు ముదిరినవాళ్లకు ఈ ప్రమాదం ఎక్కువ. ముద్ద ఊపిరితిత్తుల దారి పడితే న్యుమోనియాకు దారితీస్తుంది. నిటారుగా కూర్చోబెట్టాలి, ఎదురుగా కూర్చుని చిన్న ముద్ద పెట్టాలి, మింగారని చూశాకే రెండోది. తిన్న తర్వాత అరగంటైనా కూర్చోబెట్టే ఉంచాలి. ఇదంతా 5 నిమిషాల్లో అయ్యే పని కాదు.

నోరు: మన దగ్గర ఎక్కువగా వదిలేసేది ఇదే. జపాన్ నర్సింగ్ హోమ్‌లలో చేసిన ఓ పరిశోధన 1999లో లాన్సెట్ పత్రికలో వచ్చింది. రోజూ భోజనం తర్వాత నోరు శుభ్రం చేసిన వృద్ధుల్లో న్యుమోనియా తక్కువగా కనిపించింది. ఒక బ్రష్, ఐదు నిమిషాలు.. ఇంత చిన్న పని ఆసుపత్రి ఖర్చును తప్పించగలదు. కట్టుడు పళ్లు రాత్రి తీసి, కడిగి నీళ్లలో ఉంచడం కూడా ఇందులో భాగమే.

ఒత్తిగిలించడం: నడుము కింద, తుంటి దగ్గర, మడమల మీద ఎముక ఉబ్బెత్తుగా ఉంటుంది. గంటల తరబడి ఒకేచోట ఒత్తిడి పడితే అక్కడికి రక్తం అందదు. ముందు ఎర్రబడుతుంది, తర్వాత చర్మం చిట్లుతుంది, ఆ తర్వాత కండ దాకా కుళ్లుతుంది. ఇవే బెడ్ సోర్స్. తడిసిన డైపర్‌లో ఎక్కువసేపు ఉంచితే ఇంకా తొందరగా వస్తాయి. ఎర్రబడిన రోజే కనిపెడితే దిండుతో, పక్క మార్చడంతో ఆగిపోతుంది. పది రోజుల తర్వాత చూస్తే నెలల తరబడి డ్రెస్సింగ్ తప్పదు. ఆ ఎరుపును మొదట చూసే అవకాశం ఉండేది డాక్టర్‌కు కాదు, స్నానం చేయించే ఆయాకు.

బట్టలు: ఒక చెయ్యి పడిపోయిన మనిషికి చొక్కా వేసేటప్పుడు ముందు బలహీనమైన చెయ్యి, తీసేటప్పుడు ముందు బాగున్న చెయ్యి. ఈ చిన్న సంగతి తెలియకపోతే రోజూ భుజం గుంజినట్టే. నొప్పి చెప్పుకోలేని మనిషైతే అరుస్తారు. 'ఆవిడ గొడవ చేస్తుంది' అని పేరు పడుతుంది.

నీళ్లు: వయసు పెరిగేకొద్దీ దాహం తెలియడం తగ్గుతుంది. దానికి తోడు 'మాటిమాటికీ బాత్రూమ్‌కు తీసుకెళ్లమంటే ఆ అమ్మాయి విసుక్కుంటుంది' అని పెద్దవాళ్లే నీళ్లు తాగడం మానేస్తారు. ఫలితం.. మలబద్ధకం, మూత్రంలో మంట, ఉన్నట్టుండి మతి తప్పడం, కళ్లు తిరిగి పడిపోవడం. ఒక విసుగు మాట చివరికి తుంటి ఎముక విరగడం దాకా వెళ్లొచ్చు.

చేసిపెట్టడం వేరు.. చేయించడం వేరు

మంచి సంరక్షణ అంటే అన్నీ చేసిపెట్టడం కాదు. మొహం తనే కడుక్కోగలిగిన మనిషికి మొహం కడగకూడదు. టవల్ చేతికిచ్చి, వెనక్కి అందని వీపు మాత్రమే రుద్దాలి. బొత్తాలు పెట్టుకోగలిగితే పెట్టుకోనివ్వాలి, పది నిమిషాలు పట్టినా సరే. వాడని కండ కరిగిపోతుంది. నెల రోజులు వేరేవాళ్లు తినిపిస్తే, నిన్నటిదాకా స్పూన్ పట్టుకున్న చెయ్యి రేపటి నుంచి పట్టుకోలేదు.

చిక్కేమిటంటే చేసిపెట్టడానికి 5 నిమిషాలు, చేయించడానికి 15 నిమిషాలు. స్టాఫ్ తక్కువైతే ముందుగా పోయేది ఈ 15 నిమిషాలే. అలా నడవగలిగిన మనిషి కుర్చీకి, కుర్చీలో ఉన్న మనిషి మంచానికి చేరతారు. అప్పుడు హోమ్‌కు పని ఇంకా పెరుగుతుంది. ఇవాళ మిగిలిందనుకున్న టైమ్ రేపటికి అప్పుగా మారుతుంది.

మర్యాద సంగతీ ఇక్కడే వస్తుంది. జీవితమంతా చీర కట్టుకున్న మామ్మకు మార్చడం తేలిక అని నైటీ వేసేస్తారు. పేలు పడతాయని, తలంటుకు టైమ్ లేదని జుట్టు పొట్టిగా కత్తిరించేస్తారు. కొన్నిసార్లు అది నిజంగా అవసరమే కావచ్చు. కానీ ఆవిడను ఒక్కమాట అడిగారా? స్నానం అయ్యాక బొట్టు పెట్టుకోవడానికి అద్దం ముందుకు తీసుకెళ్లారా? తలుపు వేశారా, లేక వరండాలో అందరి ముందే ఒళ్లు తుడిచారా? ఆడవాళ్లకు మగ అటెండర్‌తో స్నానం చేయించాల్సి వస్తే ముందు ఆవిడ ఇష్టం కనుక్కున్నారా? పెద్దాయనను 'ఏయ్ ముసలాయనా' అన్నారా, 'మాస్టారూ' అన్నారా?

వీటిలో చాలావాటికి పైసా ఖర్చు లేదు. కొన్నింటికి టైమ్ కావాలి. అన్నింటికీ మాత్రం ఎవరో ఒకరు నేర్పాలి, ఎవరో ఒకరు గమనిస్తూ ఉండాలి.

ఆయమ్మల వైపు ఎవరు చూస్తున్నారు?

ఈ పని చేసేవాళ్లలో ఎక్కువమంది మహిళలే. ఏజెన్సీ ద్వారానో తెలిసినవాళ్ల ద్వారానో పల్లెల నుంచి వచ్చినవాళ్లు చాలామంది. కొందరు హోమ్‌లోనే ఉంటూ 24 గంటల డ్యూటీ చేస్తారు. జీతంలో ఏజెన్సీ కమీషన్ పోతుంది. పీఎఫ్, ఈఎస్ఐ ఉన్నాయో లేదో చాలామందికి తెలియదు.

60 కిలోల మనిషిని రోజుకు పదిసార్లు ఎత్తి దించితే నడుము పోతుంది. సరైన పద్ధతి, స్లైడింగ్ షీట్, ఎత్తు తగ్గించే మంచం.. ఇవి ఉంటే ఆమె నడుమూ మిగులుతుంది, పెద్దాయన కింద పడకుండానూ ఉంటారు. గ్లోవ్స్ లెక్కపెట్టి ఇచ్చే చోట ఒకే జత గ్లోవ్స్‌తో ఇద్దరు ముగ్గురికి శుభ్రం చేస్తారు. ఇన్ఫెక్షన్ ఒక గది నుంచి ఇంకో గదికి వెళ్లేది అలాగే.

మతిమరుపు ఉన్నవాళ్లు ఒక్కోసారి కొడతారు, గిల్లుతారు, తిడతారు. అది జబ్బు లక్షణమని చెప్పినవాళ్లు లేకపోతే ఆ అమ్మాయి దాన్ని తన మీద కోపంగానే తీసుకుంటుంది. వృద్ధులపై దాష్టీకం వీడియోలు అప్పుడప్పుడూ వైరల్ అవుతుంటాయి. కొట్టినవాళ్లపై కేసు పెట్టాల్సిందే, అందులో రెండో మాట లేదు. కానీ వీడియోలో కనిపించని మనిషి ఒకరుంటారు. ఒక్క ఆయాను 14 గంటలు 12 మందికి కాపలా పెట్టిన యాజమాన్యం అది.

ఇంకోటీ ఉంది. మలమూత్రాలు ఎత్తే పని అంటే మన సమాజంలో ఇప్పటికీ చిన్నచూపు. పెళ్లి సంబంధాల దగ్గర ఈ ఉద్యోగం పేరు చెప్పుకోలేని పరిస్థితి. ఇదే పనికి విదేశాల్లో సర్టిఫికెట్ ఉంది, యూనిఫామ్ ఉంది, వీసా కూడా ఉంది.

చట్టం ఏం చెబుతోంది?

తల్లిదండ్రులు, సీనియర్ సిటిజన్ల పోషణ, సంక్షేమ చట్టం 2007లో వచ్చింది. ప్రతి జిల్లాలో కనీసం ఒక వృద్ధాశ్రమం, అందులో కనీసం 150 మంది నిరుపేద వృద్ధులకు చోటు ఉండాలన్నది సెక్షన్ 19 ఆలోచన. అయితే అందులో వాడిన మాట 'ఏర్పాటు చేయవచ్చు' అని. ఆ ఒక్క మాటతో చాలా రాష్ట్రాలకు వెసులుబాటు దొరికింది. 2018 డిసెంబర్‌లో అశ్వనీ కుమార్ కేసులో సుప్రీంకోర్టు జిల్లాలవారీగా వృద్ధాశ్రమాల వివరాలు సేకరించాలని కేంద్రాన్ని ఆదేశించింది.

2019 డిసెంబర్‌లో కేంద్రం సవరణ బిల్లు తెచ్చింది. వృద్ధుల సంరక్షణ కేంద్రాలన్నీ రిజిస్టర్ కావాలి, వాటికి కనీస ప్రమాణాలు ఉండాలి, ఇంటికొచ్చి సేవలు చేసే ఏజెన్సీలకూ నిబంధనలు ఉండాలి అన్నది అందులో కీలకం. అదే గనక చట్టమై ఉంటే స్టాఫ్, శిక్షణ గురించి దేశమంతటికీ ఒక దారి ఏర్పడేది. కానీ బిల్లు పాస్ కాలేదు. 2024లో 17వ లోక్‌సభ ముగియడంతో మురిగిపోయింది.

ఫలితం ఇప్పుడు కళ్లముందే ఉంది. ప్రభుత్వ గ్రాంట్ తీసుకునే హోమ్‌లకు కొన్ని షరతులున్నాయి. రాష్ట్రాల నిబంధనల్లో చోటు, భోజనం, బట్టలు, పరిశుభ్రత లాంటివి ఉన్నాయి. కానీ మంచాన పడ్డ ఇంతమందికి ఇంతమంది శిక్షణ పొందినవాళ్లు ఉండి తీరాలని ప్రైవేటు హోమ్‌లన్నిటికీ వర్తించే కట్టుబాటు దేశమంతటా ఒకటి లేదు.

డబ్బు సంగతీ అంతే. 70 ఏళ్లు దాటిన అందరికీ ఆయుష్మాన్ భారత్ కింద ఏడాదికి రూ.5 లక్షల బీమాను 2024 అక్టోబర్‌లో మొదలుపెట్టారు. మంచి విషయమే. కానీ అది ఆసుపత్రిలో చేరితేనే పనికొస్తుంది. బెడ్ సోర్ ముదిరి ఆసుపత్రికి వెళ్తే బీమా వర్తిస్తుంది. ఆ పుండు రాకుండా రోజూ పక్క మార్చే మనిషి జీతానికి మాత్రం వర్తించదు.

ఆంధ్రప్రదేశ్‌లో 2024 జులై నుంచి పక్షవాతం లాంటి కారణాలతో మంచానికో వీల్‌చైర్‌కో పరిమితమైనవారికి నెలకు రూ.15 వేల పెన్షన్ ఇస్తున్నారు. వయసు పెన్షన్ రూ.4 వేలతో పోలిస్తే పెద్ద తేడా. 'మంచాన పడ్డ మనిషికి ఇంకో మనిషి కావాలి, దానికి ఖర్చవుతుంది' అని ప్రభుత్వం లెక్కలోకి తీసుకున్న అరుదైన సందర్భం ఇది. కాకపోతే డబ్బు ఉన్నా, నేర్చుకున్న మనిషి దొరకాలి కదా?

నేర్చుకున్నవాళ్లు ఎక్కడికి వెళ్తున్నారు?

విదేశాల్లో ఈ పనిని ఎలా చూస్తున్నారో గమనిస్తే తేడా తెలుస్తుంది. అమెరికాలో 1987 చట్టం ప్రకారం నర్సింగ్ హోమ్‌లో నర్స్ ఎయిడ్‌గా చేయాలంటే కనీసం 75 గంటల శిక్షణ ఉండాలి. ఇంగ్లండ్‌లో 2015లో కొత్తగా చేరే కేర్ వర్కర్ల కోసం 15 ప్రమాణాలతో కేర్ సర్టిఫికెట్ మొదలైంది. అందులో మర్యాద, ఏకాంతం, తిండీ నీళ్లు కూడా పాఠాలే. జపాన్‌లో 2000 సంవత్సరం నుంచి దీర్ఘకాల సంరక్షణ బీమా ఉంది. 40 ఏళ్లు దాటినవాళ్లు ప్రీమియం కడతారు. ఎవరికెంత సాయం కావాలో ఏడు స్థాయిల్లో నిర్ణయిస్తారు. దాన్ని బట్టే సేవలు.

అక్కడ అంతా బాగుందని కాదు. స్టాఫ్ కొరత ఆ దేశాలనూ వేధిస్తోంది. అందుకే మనవాళ్ల వైపు చూస్తున్నాయి. బ్రిటన్ 2022 ఫిబ్రవరిలో కేర్ వర్కర్లకు వీసా తలుపు తెరిచింది. భారత్ నుంచి పెద్ద సంఖ్యలో వెళ్లారు. 2024 మార్చి నుంచి కుటుంబాన్ని వెంట తీసుకెళ్లడం ఆపేసింది. 2025 జులై 22 నుంచి విదేశాల నుంచి కొత్త కేర్ వర్కర్ల నియామకాలకే తలుపు మూసేసింది. జపాన్ మాత్రం పిలుస్తూనే ఉంది. తెలంగాణ ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ భాష నేర్పించి మరీ జపాన్‌లో కేర్‌గివర్, నర్సింగ్ ఉద్యోగాలకు యువతను పంపిస్తోంది.

యువతకు అది మంచి అవకాశమే. వద్దనడానికి లేదు. కానీ ప్రశ్న ఒకటి మిగులుతుంది. టోక్యోలోని తాతగారికి స్నానం చేయించడానికి నెలల శిక్షణ కావాలని ఒప్పుకున్నప్పుడు, ఘట్‌కేసర్‌లోనో గన్నవరంలోనో ఉన్న తాతగారికి అక్కర్లేదని ఎలా అనుకుంటున్నాం?

మన దగ్గర కోర్సులు లేక కాదు. స్కిల్ ఇండియా కింద జనరల్ డ్యూటీ అసిస్టెంట్ శిక్షణ ఉంది. కేంద్ర సామాజిక న్యాయ శాఖ అటల్ వయో అభ్యుదయ యోజనలో వృద్ధుల సంరక్షకులకు శిక్షణ కూడా ఉంది. కానీ సర్టిఫికెట్ ఉన్న అమ్మాయికీ లేని అమ్మాయికీ హోమ్ ఒకే జీతం ఇస్తే ఎవరు నేర్చుకుంటారు? నేర్చుకున్నవాళ్లు ఆసుపత్రికి వెళ్తారు, లేదంటే విమానం ఎక్కుతారు.

కఠిన నిబంధనలు పెడితే సరిపోతుందా?

ఇక్కడ రెండో వైపు కూడా చూడాలి. రేపే 'ఐదుగురికి ఒక శిక్షణ పొందిన కేర్‌టేకర్ ఉండాలి' అని రూల్ పెట్టారనుకుందాం. నెలకు భారీ ఫీజు తీసుకునే హోమ్ తట్టుకుంటుంది. దాతల బియ్యంతో, విరాళాలతో నడిచే చిన్న ఆశ్రమం తట్టుకోలేదు. అది మూతపడితే అందులో ఉన్నవాళ్లకు మిగిలేది బస్టాండే. ఆ భయం ఉత్తదేం కాదు. అలాగని పేదవాళ్ల ఆశ్రమం కాబట్టి పుళ్లు పడ్డా ఫర్వాలేదని అనలేం.

అందుకే పని అంచెలంచెలుగా జరగాలి. మొదటిది రిజిస్ట్రేషన్.. ఏ హోమ్‌లో ఎందరున్నారు, వారిలో ఎందరికి ఎంత సాయం కావాలో ముందు లెక్క తేలాలి. కాట్జ్ లాంటి ఒక పేజీ ఫారం చాలు. రెండోది, మంచాల సంఖ్యను బట్టి కాకుండా సాయం అవసరమైనవారి సంఖ్యను బట్టి స్టాఫ్ నిర్ణయించడం. మూడోది, పని మానకుండానే నేర్చుకునేలా హోమ్‌లోనే శిక్షణ, చిన్న ఆశ్రమాలకు ఆ ఖర్చు ప్రభుత్వం భరించడం. నాలుగోది, సర్టిఫికెట్ వస్తే జీతం పెరగడం. ఐదోది, తనిఖీకి వచ్చిన అధికారి వంటగది, రిజిస్టర్ చూసి వెళ్లిపోకుండా మడమలు, నడుము, నోరు చూసే నర్సును వెంట తీసుకురావడం.

మీ వాళ్లను చేర్చే ముందు ఇవి చూడండి

చట్టం వచ్చేదాకా కుటుంబాలు ఆగలేవు. హోమ్‌కు వెళ్లినప్పుడు ఈ ప్రశ్నలు అడగొచ్చు.

- పగలు ఒక షిఫ్టులో, రాత్రి ఒక షిఫ్టులో ఒంటి పనుల సాయానికి ఎందరున్నారు? వంట, క్లీనింగ్ స్టాఫ్‌ను కలపకుండా చెప్పమనండి.
- స్నానాలు ఎన్నింటికి మొదలవుతాయి? తెల్లవారుజామున 4 అంటే ఎందుకని అడగండి.
- నడవగలిగినవాళ్లకు కూడా డైపర్ వేస్తున్నారా?
- మంచాన ఉన్నవాళ్లను పక్క మార్చిన టైమ్ రాసే షీట్ ఉందా? ఉంటే నిన్న రాత్రిది చూపించమనండి.
- బాత్రూమ్‌లో పట్టుకునే కడ్డీలు, జారని నేల, మంచం దగ్గర చేతికందే బెల్ ఉన్నాయా?
- ఆడవాళ్లకు స్నానం చేయించేది ఎవరు?
- ఆయాలు ఎంతకాలంగా పనిచేస్తున్నారు? రెండు నెలలకోసారి మారిపోతుంటే ఎక్కడో తేడా ఉన్నట్టే.

విదేశాల్లో ఉన్నవాళ్లకు ఒక మాట. వీడియో కాల్‌లో ఉతికిన దుప్పటి, దువ్విన తల కనిపిస్తాయి. మడమలు కనిపించవు. నెలకోసారైనా దగ్గరి బంధువునో స్నేహితుడినో చెప్పకుండా పంపండి. భోజనం టైమ్‌లో అరగంట కూర్చోమనండి. గోళ్లు, నోరు, మడమలు చూడమనండి. వాసన చాలా సంగతులు చెబుతుంది. అమ్మ ఈ మధ్య నీళ్లు తక్కువ తాగుతోందా, ఉన్నట్టుండి మాట తడబడుతోందా అని అడిగి తెలుసుకోండి. ఆయాతో కూడా మాట్లాడండి. పేరు పెట్టి పలకరించి, 'అమ్మ ఎలా తింటోంది?' అని అడిగితే ఫైల్‌లో లేని సమాచారం దొరుకుతుంది.

నిర్లక్ష్యం, వేధింపులు గమనిస్తే 14567 ఎల్డర్‌లైన్‌కు ఫోన్ చేయొచ్చు. సీనియర్ సిటిజన్ల కోసం దేశవ్యాప్తంగా ఉన్న ఉచిత హెల్ప్‌లైన్ ఇది. పక్కింటివాళ్లు, బంధువులు, హోమ్‌లో పనిచేసేవాళ్లు ఎవరైనా చెప్పొచ్చు.

తర్వాత ఏంటి?

సవరణ బిల్లును కేంద్రం మళ్లీ తెస్తుందా, తెస్తే ప్రమాణాల్లో ఒంటి పనుల సాయానికి చోటు ఉంటుందా అన్నది ముందున్న మొదటి ప్రశ్న. అప్పటిదాకా రాష్ట్రాలు చేతులు ముడుచుకోవాల్సిన పనిలేదు. వృద్ధాశ్రమాల నిర్వహణకు పద్ధతులు, ప్రమాణాలు నిర్ణయించే వీలు 2007 చట్టమే రాష్ట్రాలకు ఇచ్చింది. వృద్ధుల వాటాలో దేశ సగటును దాటిన ఆంధ్రప్రదేశ్‌కైనా, జపాన్ కోసం కేర్‌గివర్లను తయారుచేస్తున్న తెలంగాణకైనా ఇది కొత్తగా నేర్చుకోవాల్సిన విద్య కాదు. తెలిసిన విద్యను ఇంటి దగ్గర కూడా వాడటమే. ప్రతి హోమ్‌లో ఇవాళ ఉదయం ఎందరికి సాయం కావాలి, చేయడానికి ఎందరున్నారు.. ఈ రెండు అంకెలు గేటు దగ్గర బోర్డు మీద రాయించినా సగం నిజం బయటపడుతుంది.